తొలి వాన తర్వాత వాగులో చేపలు చచ్చి తేలుతున్నాయి. ఎగువన ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. కారణం ఎక్కడ వెతకాలి?

పిల్లకాలువ:
అందరికీ నమస్కారం. మా ఇళ్ల వెనుక ఒక చిన్న వాగు పారుతుంది. వాన లేని రోజుల్లో నీళ్లు తేటగానే ఉంటాయి, అడుగున రాళ్లు కనిపిస్తాయి. చాలా రోజులు ఎండ కాసి ఒక్కసారిగా పెద్ద వాన పడితే మాత్రం మర్నాటికి నీళ్లు నల్లబడతాయి, పైన రంగురంగుల పొర తేలుతుంది. కల్వర్టు దగ్గరి మడుగులో వేలెడు చేపలు పొట్టలు పైకి తిరిగి తేలుతాయి. ఏటా ఇదే జరుగుతోంది.

ఎగువన ఫ్యాక్టరీలు లేవు. ఇళ్లు, రెండు పెద్ద రోడ్లు, వాహనాలు నిలిపే విశాలమైన స్థలం, కొత్తగా కడుతున్న రెండు మూడు భవనాలు ఉన్నాయి. మురుగు గొట్టాలు వేరుగా వేశామని, ఆ నీళ్లన్నీ శుద్ధి కేంద్రానికే వెళతాయని అధికారులు చెబుతున్నారు. మరి ఈ విషం ఎక్కడి నుంచి వస్తోంది? మేం ఓ పాతిక కుటుంబాల వాళ్లం కలిసి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాం. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కల్వర్టు:
నా ఉద్యోగమంతా వాననీటి కాలువల నిర్వహణలోనే గడిచింది కాబట్టి చెబుతున్నాను. సగం జవాబు మీ మాటల్లోనే ఉంది. స్నానాల గది, వంటగది నీళ్లు వెళ్లే మురుగు గొట్టం వేరు. రోడ్డు పక్క ఇనుప జాలీ కింద ఉండే వాననీటి గొట్టం వేరు. మొదటిది శుద్ధి కేంద్రానికి చేరుతుంది. రెండోదాని చివర ఏ కేంద్రమూ ఉండదు, నేరుగా మీ వాగే ఉంటుంది. రోడ్డు మీద పడ్డది ఏదైనా సరే, ఆ జాలీలోంచి దిగి అలాగే నీళ్లలో కలుస్తుంది.

ఈ సంగతి చాలామందికి తెలియదు. జాలీ కనబడగానే డ్రైనేజీ అనుకుంటారు. పెయింటు కుంచెలు కడిగిన నీళ్లు, వాడేసిన ఇంజిన్ ఆయిల్, సిమెంటు తట్టలు కడిగిన నీళ్లు అందులో పోసేస్తారు. దురుద్దేశంతో కాదు, అవి ఎక్కడో శుభ్రపడతాయన్న నమ్మకంతో పోస్తారు.

కొన్ని పాత నగరాల్లో మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో పోతాయి. 19వ శతాబ్దంలో కట్టిన లండన్ వ్యవస్థ అలాంటిదే. వాన పెరిగితే గొట్టం పట్టక రెండూ కలిసి థేమ్స్ నదిలోకి పొర్లేవి. ఆ పొర్లుడును పట్టడానికి 25 కిలోమీటర్ల సొరంగం తవ్వాల్సి వచ్చింది, 2025లో అది పూర్తిగా పనిలోకి వచ్చింది. మీకు ఆ సమస్య లేదు. మీ వాగులోకి వస్తున్నది నేలను కడిగిన నీరు.

తూనీగ:
కల్వర్టు గారు చెప్పినదానికి జోడిస్తాను. వాన లేని రోజుల్లో రోడ్ల మీద, కప్పుల మీద పేరుకున్నదంతా తొలి వాన తోసుకొస్తుంది. టైర్లు అరిగిన పొడి, బ్రేకుల నుంచి రాలిన రాగి, జింకు పూత రేకుల నుంచి కరిగిన జింకు, కారిన ఆయిల్, ఎరువులు, పెంపుడు జంతువుల మలం, కుళ్లిన ఆకులు, అన్నీ ఒకే గంటలో వాగులో పడతాయి. అందుకే ఎండలు కాసి కురిసిన తొలి వానకే చేపలు చస్తాయి, ఆ తర్వాతి వానలకు అంతగా చావవు.

దీనికి తోడు వేడి. ఎండకు కాలిన తారు మీదుగా వచ్చే నీరు వాగు నీటికన్నా బాగా వెచ్చగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. కొట్టుకొచ్చిన చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్తా వాడేసుకుంటాయి. చిన్న చేపలకు రెండు వైపులా దెబ్బ.

మీరు చెప్పిన రంగుల పొరను ముందు పరీక్షించండి. దానికి ఒక పుల్ల చాలు. పొరను పుల్లతో చీల్చండి. ముక్కలు ముక్కలుగా, పగిలిన అద్దంలా విడిపోయి అలాగే ఉండిపోతే అది ఇనుము మీద బతికే బాక్టీరియా వల్ల ఏర్పడిన సహజమైన పొర, దానితో భయం లేదు. చీల్చిన చోట వెంటనే మళ్లీ కలిసిపోయి, సుడులు తిరుగుతూ సాగితే అది పెట్రోలు, డీజిలు, ఆయిల్ జాతిదే.

ఎగువనీరు:
ఇది అన్నిచోట్లా ఉన్న సమస్య, చట్టాలు కూడా దీన్ని ఆలస్యంగానే గుర్తించాయి. అమెరికాలో 1969లో కుయహోగా నది మీద తేలిన నూనె, చెత్త అంటుకుని మండిన తర్వాత ప్రజల్లో ఆగ్రహం పెరిగింది. 1972లో స్వచ్ఛ జల చట్టం వచ్చింది. అది మొదట పట్టుకున్నది ఫ్యాక్టరీ గొట్టాలనూ, మురుగు గొట్టాలనూ. వాననీటి గొట్టాలకు కూడా అనుమతులు ఉండాలన్న నిబంధన 1987 సవరణతో వచ్చింది. అంటే ఆ గొట్టం కూడా కాలుష్యం చేసే గొట్టమేనని ఒప్పుకోవడానికి 15 ఏళ్లు పట్టింది.

ఇంకొకటి. పరీవాహక ప్రాంతంలో నీరు ఇంకని నేల, అంటే కప్పులు, రోడ్లు, కాంక్రీటు పదో వంతు దాటేసరికి వాగులు దెబ్బతినడం మొదలవుతుందని 1990ల నుంచి పరిశోధకులు చెబుతున్నారు. సున్నితమైన వాగుల్లో అంతకన్నా ముందే తేడా కనిపిస్తుందని తర్వాతి అధ్యయనాలు చూపాయి. విషం ఒక్కటే కాదు, నీటి జోరు కూడా సమస్యే. ఇంకాల్సిన నీరు ఒక్కసారిగా వచ్చి పడితే గట్లు కోసుకుపోతాయి, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల మీద మట్టి కప్పేస్తుంది.

లెక్క తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 4,000 లీటర్లు. మీ పాతిక ఇళ్లకు దాన్ని హెచ్చవేసి చూడండి, లక్ష లీటర్లు.

పిల్లకాలువ:
తూనీగ గారూ, ఈ ఉదయం పుల్లతో చూశాను. కల్వర్టు కింద ఉన్న పొర చీల్చగానే కలిసిపోతోంది, దగ్గరికి వంగితే పెట్రోలు వాసన వస్తోంది. కాస్త ఎగువన, చెట్ల నీడలో నిలిచిన నీటి మీది పొర మాత్రం పెంకుల్లా విడిపోయింది. అక్కడ అడుగున నారింజ రంగు నాచులాంటిది కూడా ఉంది. రెండూ ఒకే కాలుష్యమని మేమంతా ఇన్నాళ్లూ ఫిర్యాదు చేస్తున్నాం. ఈ తేడా చెప్పినందుకు కృతజ్ఞతలు.

తూనీగ:
ఆ నారింజ రంగు ఇనుప బాక్టీరియాదే, దాన్ని మీ ఫిర్యాదులోంచి తీసేయండి. తేలిగ్గా కొట్టిపారేయగలిగింది ఒక్కటి ఉన్నా మిగతావాటి బలం తగ్గుతుంది.

ఇసుకమేట:
కొత్తగా కడుతున్న భవనాలు ఉన్నాయన్నారు. నేను కట్టడాల పనిలోనే ఉన్నాను కాబట్టి ఈ ఒక్కదాని మీద గట్టిగా చెబుతాను. తవ్వి వదిలేసిన మట్టి నుంచి కొట్టుకుపోయే ఒండ్రు మామూలు సాగు పొలంతో పోలిస్తే 10 నుంచి 20 రెట్లు, అడవితో పోలిస్తే 1,000 నుంచి 2,000 రెట్లు ఉంటుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. రెండే రెండు స్థలాలు చాలు వాగును పూడ్చడానికి.

చాలాచోట్ల మట్టి కొట్టుకుపోకుండా అడ్డుగా ఒక గుడ్డ కట్టి పని అయిపోయిందంటారు. దగ్గరికి వెళ్లి గుడ్డ అడుగు చూడండి. అది భూమిలోకి దాదాపు 15 సెంటీమీటర్లు దిగి, మట్టితో నొక్కి ఉండాలి. గాలికి ఊగుతూ పైపైన వేలాడుతుంటే నీళ్లన్నీ కిందినుంచి దూరిపోతాయి. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో ఉండాలి, రెండు చివర్లూ ఎగువకు వంచి ఉండాలి. గుడ్డ వెనక చేరే మట్టిని, అది సగం ఎత్తుకు రాకముందే ఎత్తేయాలి. పారే వాగుకు అడ్డంగా మాత్రం ఎప్పుడూ కట్టకూడదు, ఆ జోరుకు అది ఆగదు. గుడ్డకన్నా మంచి పని, తవ్విన నేలను ఖాళీగా వదలకుండా గడ్డి, ఎండుగడ్డి, గోనెపట్టా ఏదో ఒకటి కప్పడం. బయటికి వచ్చే లారీల చక్రాల మట్టి రోడ్డెక్కకుండా గేటు దగ్గర పెద్ద కంకర పరవాలి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. కాంక్రీటు కలిపిన యంత్రం కడిగిన నీళ్లు. చూడ్డానికి పలచటి సున్నపు నీళ్లలా ఉంటాయి గానీ వాటి క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాకా ఉంటుంది. ఒక చిన్న మడుగులోకి అవి దిగితే చేపల మొప్పలు కాలిపోతాయి. వాటిని పోయడానికి ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంట స్థలంలోనే ఉండాలి. మీరు అక్కడికి వెళ్లినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: "యంత్రం ఎక్కడ కడుగుతున్నారు?"

నడిరేయి:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ నాకొక అభ్యంతరం. టైర్లు తయారుచేసేది కంపెనీలు, రోడ్లు వేసేది ప్రభుత్వం, భవనాలు కట్టేది పెట్టుబడిదారులు. పాతిక కుటుంబాలు ఆకులు ఊడ్చి, పూల మొక్కలు పెడితే ఏం ఒరుగుతుంది? బాధ్యతను మామూలు మనుషుల నెత్తిన పెట్టడం అన్యాయం కాదా? ఇలాంటి కార్యక్రమాలు అసలు దోషులకు తప్పించుకునే దారి చూపిస్తాయని నా భయం.

ఎగువనీరు:
నడిరేయి గారి భయం నిజమైనదే. ఊడ్చి ఊరుకుంటే అదే జరుగుతుంది. కానీ వస్తువునే మార్చిన సందర్భాలు చూస్తే, అవి కింద నుంచి మొదలైనవే.

బ్రేకుల్లోని రాగి సంగతి తీసుకోండి. నీటిలో అతి కొద్ది రాగి ఉన్నా సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తి మొద్దుబారుతుంది, శత్రువును గుర్తించలేవు. ఈ రుజువులు పోగయ్యాక 2010లో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు బ్రేకు ప్యాడ్లలో రాగిని దశలవారీగా తగ్గించే చట్టాలు చేశాయి. కాలిఫోర్నియాలో 2021 నుంచి 5 శాతం, 2025 నుంచి అర శాతం మించకూడదు. ఆ మార్పు ఒక్క రాష్ట్రంతో ఆగదు, తయారీదారులు ఒక్కో చోటికి ఒక్కో ప్యాడ్ చేయరు కదా.

పార్కింగ్ స్థలాల మీద నల్లగా పూసే కోల్‌తార్ పూత మరో ఉదాహరణ. వాగుల అడుగు మట్టిలో క్యాన్సర్ కారకాలైన హైడ్రోకార్బన్లు ఎందుకు పెరుగుతున్నాయా అని టెక్సస్‌లోని ఆస్టిన్ నగర సిబ్బంది వెతికితే, జాడ ఆ పూత దగ్గర తేలింది. 2006 నుంచి ఆ నగరం దాన్ని నిషేధించింది. ఆ తర్వాత దిగువ సరస్సు మట్టిలో అవి తగ్గినట్టు కొలతలు చూపాయి. ఎక్కడో ఒకచోట ఎవరో ఓపికగా గొట్టం వెంట ఎగువకు నడిచి ఉండకపోతే ఈ రెండూ జరిగేవి కావు.

తూనీగ:
టైర్ల గురించి నేను చెప్పాలి, ఈ కథ నన్ను చాలా కదిలించింది. అమెరికా పశ్చిమ తీరంలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి ఎదురీది వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడగానే నోళ్లు తెరిచి, గుండ్రంగా తిరిగి, గుడ్లు పెట్టకుండానే గంటల్లో చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం అంతుపట్టలేదు. లోహాలు కావు, పురుగుమందులు కావు. రోడ్డు నీటిని భాగాలు భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్నీ చేపల మీద పరీక్షిస్తూ పోయి చివరికి ఒకే ఒక్క రసాయనం దగ్గర ఆగారు. టైరు రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. హంతకి అదే. 2020 డిసెంబరులో ఆ ఫలితం వెలువడింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఆ విషం పేరు తెలియక ముందే అదే ప్రాంతంలో పరిశోధకులు రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు, చెక్కపొట్టు కలిపిన మట్టిలోంచి వడపోసి చూశారు. వడపోయని నీటిలో కోహోలు చచ్చాయి, వడపోసిన నీటిలో బతికాయి. అంటే మట్టికి ఆ శక్తి ఉంది. రెండు, నడిరేయి గారి ప్రశ్నకు జవాబు కూడా ఇందులో ఉంది. 2023లో యూరోక్, పోర్ట్ గాంబుల్ స్‌క్లాలమ్, పుయాలప్ అనే మూడు ఆదివాసీ తెగలు టైర్లలో ఈ రసాయనాన్ని నియంత్రించాలని పర్యావరణ పరిరక్షణ సంస్థకు అర్జీ పెట్టాయి, అదే ఏడాది నవంబరులో సంస్థ దాన్ని స్వీకరించింది. చేపలతో బతుకు ముడిపడ్డ వాళ్లు అడిగారు కాబట్టే అది కదిలింది.

ఒక జాగ్రత్త. ఈ రసాయనం కోహోలకు ప్రాణాంతకమైనంతగా అన్ని చేపలకూ కాదు. మీ వాగులో చావులకు కారణం ఇదేనని ఇప్పుడే తేల్చేయకండి.

నడిరేయి:
జవాబులకు ధన్యవాదాలు. అర్జీ దాకా వెళ్లే సంఘమైతే నాకు అభ్యంతరం లేదు, నేనూ చేయి కలుపుతాను.

వానచినుకు:
మట్టికి ఆ శక్తి ఉందన్న మాట దగ్గర నేను అందుకుంటాను. మా ఇంటి ముందు రెయిన్ గార్డెన్ వేసుకున్నాం. పెద్ద పేరే గానీ, కప్పు నీరూ వాకిలి నీరూ రోడ్డెక్కకుండా పట్టి ఇంకించే ఒక పల్లపు మొక్కల మడి. అందరికీ తెలిసిన ఇంకుడు గుంత రాళ్లూ ఇసుకా నింపి నీటిని నేరుగా కిందికి దించుతుంది. ఈ మడిలో పైన మట్టీ వేళ్లూ ఉంటాయి కాబట్టి నీరు దిగుతూ శుభ్రపడుతుంది.

వేసేవాళ్లకు కొన్ని మాటలు. ముందు నేల పరీక్ష. మోచేతి లోతు గుంట తీసి, నీళ్లు నింపి ఇంకనివ్వండి, మళ్లీ నింపి అప్పుడు కొలవండి. గంటకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లయినా దిగాలి. అంతకన్నా నెమ్మదిగా ఉంటే ఆ చోటు వదిలేయండి, లేదా అడుగున చిల్లుల గొట్టం వేయాల్సి వస్తుంది. మడి పల్లం 15 నుంచి 20 సెంటీమీటర్లు చాలు, లోతు పెంచితే లాభం లేదు. ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు దగ్గర వద్దు. నీరు వచ్చి పడేచోట నాలుగు చదును రాళ్లు పరవండి, లేకుంటే తొలి వానకే అక్కడ గొయ్యి పడుతుంది. పెద్ద వానకు పొర్లి పోయే దారి ముందే కోసి ఉంచండి.

అందరూ చేసే పొరపాటు కంపోస్టు ఎక్కువ వేయడం. మొక్కలు ఏపుగా వస్తాయని సగానికి సగం కలిపేస్తారు. అప్పుడు అందులోని భాస్వరం, నత్రజని నీటితో కలిసి బయటికి పోతాయి. కాలుష్యం ఆపాల్సిన మడే కాలుష్యం పంపుతుంది. ఇసుక ఎక్కువ, కంపోస్టు తక్కువ ఉండాలి, ఎరువు అసలు వద్దు. మొక్కలు మీ నేలలో సహజంగా పెరిగేవి, రెండు రోజులు నీటిలోనూ రెండు వారాలు ఎండలోనూ తట్టుకునేవి ఎంచుకోండి.

కొత్తచిగురు:
నీళ్లు నిలబెడితే దోమలు రావా? మా పెద్దవాళ్లు దీనికే ఒప్పుకోవడం లేదు.

వానచినుకు:
సరిగ్గా వేసిన మడిలో నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతుంది. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం, పది రోజులు కావాలి. రెండు రోజులు దాటి నీరు నిలిస్తే మాత్రం మడిలో ఏదో లోపం ఉన్నట్టు, పైన పేరుకున్న ఒండ్రు పొర తీసేయండి. మీ పెద్దవాళ్లకు నిజంగా చూపించాల్సింది రోడ్డు పక్క జాలీ కింద పూడుకుపోయి నెలల తరబడి నిలిచిన నీళ్లు.

ఎగువనీరు:
వానచినుకు గారు చెప్పినది ఇళ్ల కప్పులకు, వాకిళ్లకు బాగుంటుంది. పెట్రోలు బంకులు, వాహనాలు బాగుచేసే చోట్లు, రసాయనాలు నిల్వ ఉండే చోట్ల నీటిని మాత్రం ఇలా నేరుగా ఇంకించకండి. అక్కడ ముందు ఆయిల్ వేరుచేసే తొట్టి ఉండాలి, లేకుంటే ఆ విషం భూగర్భజలంలోకి దిగుతుంది. బావులున్న చోట ఇది మరీ ముఖ్యం.

ఆకురాలు:
ఎవరూ పెద్దగా చెప్పనిది నేను చెబుతాను: ఆకులు. సహజమైనవే కదా అనుకుంటాం. అడవిలో అయితే అవి మట్టిలో కలుస్తాయి. రోడ్డు మీద పడి, చక్రాల కింద నలిగి, వానకు నానితే వాటిలోని భాస్వరం నీటిలోకి దిగి నేరుగా జాలీలోకి పోతుంది. చెరువుల్లో నాచు పట్టడానికి ఆ భాస్వరమే తిండి. అమెరికాలోని మాడిసన్ నగరంలో శరత్కాలంలో వానకు ముందే వీధుల్లో ఆకులు తీసేసి చూస్తే, తీయని చోటుతో పోలిస్తే వాననీటిలో మొత్తం భాస్వరం 84 శాతం తగ్గింది. పైసా ఖర్చులేని పని, చీపురు చాలు. కాలం ముఖ్యం, వాన పడ్డాక ఊడిస్తే లాభం లేదు. ఊడ్చినవి జాలీలోకి తోయకూడదని వేరే చెప్పనక్కర్లేదు గానీ, తోసేవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాను.

రేవుపడవ:
వాగు చివర చెత్త పట్టే వల కడితే ఇదంతా తేలిక కాదా? అమెరికాలోని బాల్టిమోర్‌లో నది చివర 2014 నుంచి ఒక పెద్ద నీటి చక్రం చెత్తను బెల్టు మీదికి లాగి పెట్టెలో వేస్తోంది. ప్రవాహంతో, సౌర విద్యుత్తుతో నడుస్తుంది. పిల్లలు దానికి పెట్టిన కళ్లు చూసి మురిసిపోతారట. మాకూ ఒకటి ఉంటే బాగుండనిపిస్తుంది.

కల్వర్టు:
మంచిదే, చెత్త కళ్లకు కనబడితే జనం ఆలోచిస్తారు. కానీ రేవుపడవ గారూ, ఆ చక్రానికి దొరికేది తేలే వస్తువే. కరిగిన రాగి, జింకు, ఆయిల్, ఎరువు దాని కింది నుంచి వెళ్లిపోతాయి. చిన్న వాగుకు అడ్డంగా మీరే వల కడితే మొదటి వరదకే అది చెత్తతో నిండి ఆనకట్ట అయి, నీళ్లు ఇళ్లలోకి ఎక్కుతాయి. అలాంటివి నేను విప్పదీయించాను. అనుమతి లేకుండా, రోజూ తీసేవాళ్లు లేకుండా వద్దు.

పిల్లకాలువ గారూ, మీరు మొదలుపెట్టాల్సింది ఇంకా ముందు మెట్టు. వాన లేకుండా మూడు రోజులు గడిచాక వాగు గట్టు వెంట నడవండి. వాగులోకి తెరుచుకున్న ప్రతి గొట్టాన్నీ చూడండి. వాన లేని రోజున వాననీటి గొట్టం పొడిగా ఉండాలి. తడి ఉందంటే అది ఊటనీరైనా కావాలి, ఎక్కడో ఎవరో మురుగును తప్పుడు గొట్టానికి కలిపైనా ఉండాలి. వాసన, రంగు, నురగ, గొట్టం అంచున పట్టిన బూడిద రంగు జిగురు, అన్నీ రాసుకోండి, ఫోటో తీయండి.

సబ్బు నీళ్లని అనుమానం ఉంటే ఒక చవక పద్ధతి. ఏ రసాయనమూ పట్టని తెల్లటి నూలు పత్తిని చిన్న తీగ బోనులో పెట్టి గొట్టం మూతిలో నీరు తగిలేలా వేలాడదీయండి. కొన్ని రోజుల తర్వాత తీసి, నీడలో ఆరబెట్టి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పట్టండి. బట్టల సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం పత్తికి అంటుకుని నీలంగా మెరుస్తుంది. పక్కన వాడని పత్తి ముక్క ఒకటి ఉంచుకోండి, పోల్చి చూడటానికి. మెరిసిందంటే ఎవరివో బట్టలుతికిన నీళ్లు వాగులోకి వస్తున్నట్టే. ఆ తర్వాత గొట్టం వెంట ఒక్కో మూతా తెరిపిస్తూ ఎగువకు వెళ్లడం నగర సిబ్బంది పని. మీరు మాత్రం మూతలు ఎత్తకండి, గొట్టాల్లోకి దిగకండి. లోపలి వాయువులు ప్రాణం తీస్తాయి.

తూనీగ:
దీంతోపాటు పురుగుల లెక్క కూడా మొదలుపెట్టండి. నీటి పరీక్ష ఆ క్షణం సంగతే చెబుతుంది, పురుగులు గడిచిన నెలల సంగతి చెబుతాయి. బ్రిటన్‌లో గాలంతో చేపలు పట్టేవాళ్లే ఈ పని చేస్తున్నారు, 2007 నుంచి దేశమంతా నడుస్తోంది. వాగులో నిలబడి మూడు నిమిషాలు కాలితో అడుగు కదుపుతూ వచ్చినదాన్ని వలలో పడతారు, తెల్లటి పళ్లెంలో పోసి లెక్కపెడతారు. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై అనే ఎగిరే పురుగుల పిల్లలు ఆక్సిజన్ బాగున్న నీళ్లలోనే బతుకుతాయి. లెక్క ముందే అనుకున్న హద్దు కిందికి పడితే వెంటనే అధికారులకు తెలియజేస్తారు. పళ్లెంలో అవి ఒక్కటీ లేక, ఎర్రటి సన్నని పురుగులే మెలికలు తిరుగుతుంటే నీరు ఊపిరాడని స్థితిలో ఉన్నట్టు.

కొత్తచిగురు:
ఇంత చేస్తే నిజంగా వాగు తిరిగి వస్తుందా? ఎక్కడైనా వచ్చిందా?

ఎగువనీరు:
వచ్చింది. సింగపూర్‌లో కలాంగ్ నది ఒక భాగం బిషాన్ ఉద్యానవనం అంచున నిటారు కాంక్రీటు కాలువగా ఉండేది. 2.7 కిలోమీటర్ల ఆ కాలువను పగలగొట్టి, వంపులు తిరిగే 3.2 కిలోమీటర్ల వాగుగా మార్చారు. గట్లను రాళ్లు, మొక్కల వేళ్లతోనే నిలబెట్టారు. 2012లో అది పూర్తయింది. ఇప్పుడు పిల్లలు ఆ నీటిలో కాళ్లు పెట్టుకుని ఆడుతున్నారు. కాంక్రీటు తీస్తే వరద వస్తుందని భయపడేవాళ్లకు అది మంచి జవాబు, ఆ మైదానమంతా పెద్ద వానకు పొర్లిన నీటిని పట్టేలా కట్టారు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం మరో దారి పట్టింది. 2011లో 25 ఏళ్ల ప్రణాళికతో వీధుల పక్కన, బడి ఆవరణల్లో, పార్కింగ్ స్థలాల్లో వేలాది మడులూ ఇంకుడు నేలలూ వేయడం మొదలుపెట్టింది. అక్కడా, జర్మనీలో చాలా నగరాల్లోనూ నీరు ఇంకని నేల ఎంతుంటే అంత రుసుము కట్టాలి. పెద్ద పార్కింగ్ స్థలం ఉన్నవాడు ఎక్కువ కడతాడు, మడి వేస్తే తగ్గుతుంది. నడిరేయి గారు అడిగిన న్యాయం నాకు ఇందులో ఎక్కువ కనిపిస్తుంది. మీ నగర పాలక సంస్థను అడగడానికి ఇదొక పట్టు.

చైనా 2015లో 16 నగరాల్లో స్పాంజి నగరాల ప్రయోగం మొదలుపెట్టింది, అంటే నగరం నేల వాననీటిని స్పాంజిలా పీల్చుకునేలా చేయడం. దాని మీద చాలా ఖర్చుపెట్టిన జెంగ్‌జౌ నగరం కూడా 2021 వరదల్లో మునిగింది. మామూలు వానల నీటిని శుభ్రం చేయడానికి ఇవి పనికొస్తాయి, అంతటి కుంభవృష్టిని ఆపలేవు. రెండింటినీ కలిపి వాగ్దానం చేసేవాళ్లను నమ్మకండి.

పిల్లకాలువ:
మూడు రోజులు వాన లేకపోవడంతో ఈ ఆదివారం తొమ్మిది మందిమి గట్టు వెంట నడిచాం. వాగులోకి తెరుచుకున్న గొట్టాల్లో చాలావరకు పొడిగానే ఉన్నాయి. పార్కింగ్ స్థలం నుంచి వచ్చే గొట్టం మూతి చుట్టూ నల్లటి జిడ్డు గట్టిగా పేరుకుని ఉంది, వేలితో గీస్తే ఊడొచ్చింది. అక్కడికి వెళ్లి చూస్తే, వాహనాలు కడిగే చోటు వాలు నేరుగా జాలీలోకే ఉంది. ఇంకో గొట్టం ఎండలోనూ సన్నగా పారుతోంది, నురగ లేదు గానీ సబ్బు వాసన. అందులో పత్తి వేలాడదీశాం. ఇసుకమేట గారు చెప్పినట్టు కట్టడాల దగ్గర గుడ్డ అడుగు కూడా చూశాం. ఒకచోట మట్టిలోకి దిగనే లేదు. యంత్రం ఎక్కడ కడుగుతున్నారని అడిగితే, మేస్త్రీ ఇబ్బందిగా రోడ్డు వైపు చూశాడు.

ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. దేనితో మొదలుపెట్టాలి?

ఇసుకమేట:
మేస్త్రీ మీద రాయకండి, అతనికి గుంట తవ్వే స్థలం, పట్టా ఇవ్వనిది పైవాళ్లు. కట్టడానికి అనుమతి తీసుకున్న వారి పేరు మీద రాయండి. ముందు వాళ్లకే ఒక కాపీ ఇచ్చి వారం గడువు పెట్టండి. చాలామంది గుంట తవ్వడానికి ఆ కాగితమే సరిపోతుంది.

కల్వర్టు:
పారుతున్న గొట్టంతో మొదలుపెట్టండి, ఎందుకంటే అది ఇప్పుడు, ఈ రోజు జరుగుతోంది, సిబ్బంది వచ్చి చూసినా కనబడుతుంది. గొట్టం ఎక్కడుందో గుర్తు, వ్యాసం, ఫోటో తీసిన తేదీ, సమయం, వాన పడి ఎన్ని రోజులైందో రాయండి. పత్తి ఫలితం రాగానే జతచేయండి. రెండోది పార్కింగ్ స్థలం, వాలు మార్చి మడిలోకి తిప్పకముందు ఆయిల్ తొట్టి కట్టాలని అడగండి. చేపల సంగతి మూడోది. ఈసారి చచ్చిన చేపలు కనబడితే వెంటనే అధికారులకు ఫోన్ చేసి, అప్పుడే నీటి నమూనా శుభ్రమైన గాజు సీసాలో పట్టి ఐసులో పెట్టమని కోరండి, మర్నాటికి ఆ నీరు అక్కడ ఉండదు. ప్రతి జాలీ పక్కనా "ఇది వాగుకే వెళుతుంది" అని రాయించే అనుమతి కూడా ఇదే కాగితంలో అడిగేయండి. రంగు నీళ్లలో కరగనిది వాడాలి, ఎండ కాసిన రోజున వేయాలి, డబ్బా మాత్రం ఆ జాలీ దగ్గర కడగొద్దు.

పిల్లకాలువ:
అలాగే చేస్తాం. పత్తి బుధవారం తీస్తున్నాం, ఫలితం ఇక్కడే రాస్తాను. అతినీలలోహిత దీపం నడిరేయి గారు పంపుతానన్నారు.